నాకింగ్ (ఇంజిన్‌లో ఏదో కొట్టుకునే చప్పుడు) ఉన్న పాత బీఎండబ్ల్యూ ఎం3 కారు కొని బాగుచేసి అమ్మిన కేసు, మొదటి నుంచి చివరి దాకా

మొదటి ఫోన్‌లోనే ఓనరు చెప్పేశాడు. "ఇంజిన్ పోయిందండీ, దాచడానికేం లేదు. చూసినవాళ్ళందరూ రాడ్ బేరింగ్ అంటున్నారు. ఉన్నదున్నట్టు తీసుకెళ్ళండి, నాకు ఇక ఓపిక లేదు." నాకు ఇలాంటి ఓనర్లంటే ఇష్టం. "చిన్న సౌండేనండీ, ఏదో సెన్సరు మారిస్తే పోతుంది" అనేవాళ్ళతో బేరం కుదిరినా మనసు కుదుటపడదు, ఎందుకంటే సెన్సరుతో పోయేదే అయితే ఆయనే మార్పించి పూర్తి ధరకు అమ్ముకునేవాడు కదా.

కారు 2004 మోడల్ బీఎండబ్ల్యూ ఎం3, ఈ46 బాడీ (ఆ తరం కార్లకు కంపెనీ పెట్టుకున్న పేరు), ఆరు గేర్ల మాన్యువల్. ఇదే కారులో ఎస్‌ఎంజీ అని ఇంకో గేర్‌బాక్స్ వచ్చింది, దానికి క్లచ్ పెడల్ ఉండదు, హైడ్రాలిక్ పంపు గేర్లు మారుస్తుంది. పాతబడ్డాక ఆ పంపు ఖర్చు ఒక ఎత్తు, అమ్మేటప్పుడు మాన్యువల్‌కే ఎక్కువ ధర పలకడం ఇంకో ఎత్తు. అందుకే ఇంజిన్ నిక్షేపంగా ఉన్నా నేను ఎస్‌ఎంజీ కార్ల జోలికి వెళ్ళను. ఈ కారు మీటర్ మీద 1,38,000 కిలోమీటర్లు ఉన్నాయి. పెయింట్ ఒరిజినల్, యాక్సిడెంట్ ఆనవాళ్ళు లేవు, ఎవరూ ఏదీ మార్చి పెట్టలేదు. రెండు తాళాలూ ఉన్నాయి, బిల్లుల కట్ట ఉంది.

ఇంజిన్ పేరు ఎస్54. 3,246 సీసీ, వరుసగా ఆరు సిలిండర్లు, 343 హార్స్‌పవర్, 8,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. స్ట్రోక్ 91 మిల్లీమీటర్లు. అంత పొడుగు స్ట్రోక్‌తో 8,000 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 24 మీటర్లు దాటుతుంది. ప్రతి చుట్టులోనూ ఆ పిస్టన్‌ను పైన ఆపి మళ్ళీ కిందికి లాగాలి, ఆ బరువంతా కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ మీద పడుతుంది. ఆ బేరింగ్‌నూ, పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు అయిన క్రాంక్‌నూ విడిగా ఉంచేది సన్నని ఆయిల్ పొర ఒక్కటే. అందుకే ఈ ఇంజిన్‌కు 10డబ్ల్యూ-60 అనే చిక్కటి ఆయిల్ రాశారు. 2003 ప్రాంతంలో, అప్పటికి అమ్మిన కార్లకు రాడ్ బేరింగులు మార్చే కార్యక్రమం కంపెనీయే పెట్టింది. ఇది 2004 కారు కాబట్టి భయం లేదనేవాళ్ళు ఉన్నారు, ఆ మాట నేను లెక్కలోకి తీసుకోను. ఇన్నేళ్ళలో ఏ ఆయిల్ పోశారు, చల్లగా ఉన్నప్పుడు ఎలా తొక్కారు అన్నదే నాకు ముఖ్యం.

ధరలు డబ్బుల్లో చెప్పను, చోటును బట్టి మారిపోతాయి. నేను కొన్న ధరను 100 అనుకోండి. ఇదే కారు ఇంజిన్ బాగుండి, కాగితాలు సరిగ్గా ఉంటే 200 దాకా పోతుంది. ఓనరు అడిగింది 125.

నా లెక్క ఎప్పుడూ ఒకటే: విప్పకుండా కొంటున్న ఇంజిన్ చచ్చిపోయిందనుకునే ధర కట్టాలి. సౌండు విని ఇది చిన్నదే అని నాకు ఎంత నమ్మకం కుదిరినా సరే, ఆ నమ్మకానికి ఒక్క పైసా ఇవ్వను. ఇంకో మంచి ఇంజిన్ తెచ్చి బిగించడానికి 70, టైర్లు, బ్రేకులు, కూలింగ్ సామాను లాంటివాటికి 15, రవాణా, కాగితాలు, కారు నిలబెట్టిన నెలల అద్దె కలిపి 5. మొత్తం 90. 200లోంచి తీసేస్తే 110 మిగిలింది. నాకంటూ ఒక 10 ఉండాలి కదా, కాబట్టి 100కు మించి ఇవ్వకూడదు. ఈ అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకునే కారు చూడడానికి వెళ్ళాను. కారు ముందు నిలబడ్డాక మనసు మారుతుంది, అది ఎంత అనుభవం ఉన్నా మారుతుంది.

ఇక సౌండు సంగతి. ఐడిల్‌లో ముందు వైపు నుంచి రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వస్తోంది. రేజ్ చెయ్యలేదు, చెయ్యనివ్వలేదు కూడా. నిజంగా రాడ్ బేరింగే అయితే ఒక్క రేజ్‌తో బాగుచేయగలిగే క్రాంక్ పనికిరాకుండా పోతుంది. ఫోన్‌లో అర నిమిషం రికార్డ్ చేసి, వేగం తగ్గించి విని, దెబ్బలు లెక్కపెట్టాను. ఐడిల్ 900 అనుకుంటే క్రాంక్ సెకనుకు 15 చుట్లు తిరుగుతుంది, పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ అందులో సగం, అంటే ఏడున్నర. రాడ్ కొట్టుకుంటే దెబ్బలు క్రాంక్ వేగంతో పడతాయి. ఇక్కడ సెకనుకు ఏడెనిమిది పడుతున్నాయి, లయ కూడా మధ్యమధ్యలో తప్పుతోంది. అంటే అనుమానం కింద కాదు, పైన.

తర్వాత ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ ఇచ్చే కాయిల్ పీకి చూశాను. మంట ఆగిన సిలిండర్‌లో బేరింగ్ మీద బరువు తగ్గుతుంది, రాడ్ సౌండ్ అయితే అక్కడ మెత్తబడుతుంది. ఆరింటిలో ఏది పీకినా సౌండ్ మారలేదు. ఈ పరీక్ష ఐదారు సెకన్లలో ముగించాలి, ఎందుకంటే కాలని పెట్రోలు నేరుగా క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది, అది కరిగితే ఇంకో పెద్ద ఖర్చు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, ఆరింటికీ పన్నెండున్నర, పదమూడు బార్ల మధ్యే వచ్చింది. ఇంతవరకూ బాగుంది.

ఓనరు ఒప్పుకుంటే నేను తప్పకుండా చేసే పని ఆయిల్ ఫిల్టర్ తీసి చూడడం. ఈ ఇంజిన్‌కు ఫిల్టర్ పైనే ఉంటుంది, మూత విప్పితే చేతికొస్తుంది. కాగితాన్ని కత్తిరించి, మడతలు విప్పి, గుడ్డలో పిండి ఎండలో పట్టుకున్నాను. మెరిసే ముక్కలు కనిపించాయి. అయస్కాంతం పెడితే చాలావరకు లేచి అతుక్కున్నాయి, అంటే స్టీల్. బేరింగ్ లోహం అయస్కాంతానికి అంటదు. కానీ అంటనివి కూడా మూడున్నాయి, ఇసుక రేణువంత, కొంచెం ఎర్రటి ఛాయ. మూడే కదా అనుకోవచ్చు. నేను వాటిని టేపు ముక్క మీద అతికించి తెచ్చుకున్నాను.

బిల్లుల కట్టలో ఇంకో సంగతి తేలింది. గత నాలుగేళ్ళలో మూడుసార్లు ఆయిల్ మార్చారు, రెండుసార్లు 5డబ్ల్యూ-30 పోశారు. మామూలు కార్లకు మంచి ఆయిలే, ఈ ఇంజిన్‌కు పలచన. మారిస్తే సరిపోతుందనుకున్నారు తప్ప ఏ ఆయిల్ అని ఎవరూ అడగలేదు. గోటితో పోయేది గొడ్డలిదాకా రావడమంటే ఇదే.

బేరం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నా లెక్క ఆయన ముందే వేసి చూపించాను, ఇంకో ఇంజిన్ ధరతో సహా. సౌండ్ పైనుంచి వస్తోందని నా అనుమానమని కూడా చెప్పాను. "అయితే చిన్న పనేనా?" అన్నాడు. "కావచ్చండీ, కాకపోవచ్చు. విప్పితే గానీ తెలియదు. మీరు విప్పించి చూసుకుని అమ్మినా నాకు అభ్యంతరం లేదు" అన్నాను. రెండు రోజులు ఆలోచించి 100కు ఇచ్చాడు. కారును నడపకుండా, ట్రక్కు మీద ఎక్కించి తెచ్చుకున్నాను. నడిపి చూడలేకపోవడం వల్ల ఒక పెద్ద విషయం నా కళ్ళబడలేదు, అది తర్వాత చెప్తాను.

పైన విప్పిన రోజు. ఈ ఇంజిన్‌లో వానోస్ అనే ఏర్పాటు ఉంది, క్యామ్‌షాఫ్ట్‌లు వాల్వులను తెరిచే సమయాన్ని ఆయిల్ ఒత్తిడితో ముందుకూ వెనక్కూ జరుపుతుంది. దానికి 100 బార్లకు పైగా ఒత్తిడి కావాలి కాబట్టి సొంతంగా ఒక చిన్న పంపు ఉంటుంది. ఆ పంపును ఎగ్జాస్ట్ క్యామ్ హబ్‌కున్న రెండు చిన్న నాలుకలు తిప్పుతాయి. నాలుకలు పంపు డిస్క్ రంధ్రాల్లో దూరి ఉంటాయి. రంధ్రానికీ నాలుకకూ మధ్య సందు కాస్త ఎక్కువ. ఆ సందులో ఏళ్ళ తరబడి టకటకా కొట్టుకుని కొట్టుకుని నాలుక ఒకరోజు విరుగుతుంది. ఇది ఈ ఇంజిన్‌లో అందరికీ తెలిసిన జబ్బే.

మూత తీయగానే కనిపించింది. ఒక నాలుక లేదు. రెండోదాని అంచు సుత్తితో కొట్టినట్టు ఒరిగిపోయి ఉంది. దానికితోడు హబ్ బోల్టుల్లో రెండు చేత్తో తిరిగేంత వదులుగా ఉన్నాయి. సౌండ్ అదే, సందేహం లేదు. విరిగిన ముక్క ఎక్కడుందో దొరకందే నేను తర్వాతి పని మొదలుపెట్టను, ఎందుకంటే అది టైమింగ్ చైన్ కిందికి పడి ఎప్పుడో ఒకప్పుడు పళ్ళ మధ్యకు వస్తే వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. టార్చ్ వేసి, కెమెరా వైరు దింపి గంటసేపు వెతికినా దొరకలేదు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, అంటే సంప్‌లోకి జారి ఉండాలి.

ఇక్కడే ఈ కేసులో అసలు నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. హబ్ బాగుచేయించి, కొత్త డిస్క్, కొత్త బోల్టులు వేసి, వాల్వ్ క్లియరెన్స్ సరిచేసి మూసేస్తే ఇంజిన్ మెత్తగా తిరుగుతుంది. కొనేవాడు ఎంత చెవిపెట్టి విన్నా ఏమీ వినపడదు. ఆ రోజే మూసేసి అమ్మితే నా లాభం ఇప్పుడు వచ్చినదానికంటే చాలా ఎక్కువ ఉండేది. కానీ టేపు మీద మూడు ఎర్ర రేణువులున్నాయి. రాడ్ బేరింగ్ అరుగుతున్నంత కాలం చప్పుడు చెయ్యదు, చప్పుడు మొదలయ్యేసరికి చాలావరకు అయిపోయి ఉంటుంది. సంప్ దించాలి. దొరకని ముక్క ఎలాగూ దించమనే అంటోంది.

సంప్ దించడం అంత తేలిక కాదు. ఇంజిన్‌ను పైనుంచి వేలాడదీసి, ముందు సబ్‌ఫ్రేమ్ (చక్రాల సస్పెన్షన్‌ను మోసే చట్రం) కిందికి జార్చి, స్టీరింగ్ ర్యాక్ వదులు చేస్తే గానీ బయటికి రాదు. రెండు రోజులు పట్టింది. విరిగిన నాలుక సంప్ అడుగున మడ్డిలో, గోరంత ముక్కగా పడి ఉంది. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు సగం టెన్షన్ దిగింది.

మిగతా సగం బేరింగుల దగ్గర. ఒక్కో రాడ్ క్యాప్ విప్పి, షెల్ (బేరింగ్ సగం ముక్క) తీసి, వెనక మార్కర్‌తో సిలిండర్ నంబరు, పైదో కిందిదో రాసి వరసగా పేర్చాను. మొత్తం పన్నెండు. బాగున్న షెల్ మసక బూడిద రంగులో, చెయ్యి పెడితే సబ్బు మీద పెట్టినట్టు నున్నగా ఉంటుంది. ఆ పై పూత అరిగితే కింద రాగి కనిపిస్తుంది. 1, 3, 4, 6 పర్వాలేదు. 2వ సిలిండర్ పై షెల్‌లో చిటికెన వేలి గోరంత రాగి మచ్చ. 5వది తీసి వెలుగులో పెడితే సగానికి పైగా రాగే, ఎర్రగా మెరుస్తోంది, మధ్యలో రెండు సన్నటి గీతలు. చప్పుడు లేదు, కంప్రెషన్ బ్రహ్మాండం, కారు పరుగెత్తుతుంది. ఎవరో ఒకరు దీన్ని కొనుక్కుని, ఒకరోజు ఖాళీ రోడ్డు మీద సంతోషంగా 8,000 దాకా తొక్కి ఉండేవారు.

క్రాంక్ జర్నల్స్ మీద, అంటే ఈ షెల్స్ కూర్చునే గుండ్రటి భాగాల మీద, గోరు గీసి చూశాను, ఎక్కడా పట్టుకోలేదు. మైక్రోమీటర్‌తో ఒక్కోదాన్ని నాలుగు దిక్కులా కొలిచాను, గుండ్రం తప్పలేదు. క్రాంక్ బతికింది కాబట్టే ఈ కేసు కేసుగా మిగిలింది. గీతలు పడి ఉంటే ఇంజిన్ మొత్తం దించి, క్రాంక్ రుబ్బించి, దానికి సరిపడే మందపాటి షెల్స్ వెతుక్కుంటూ ఆ 70 లెక్కలోకే వెళ్ళేవాణ్ణి.

కొత్త షెల్స్ వేసేటప్పుడు ప్లాస్టిగేజ్ పెట్టి సందు చూశాను. మైనపు దారం లాంటిది, క్యాప్ బిగిస్తే నలిగి పరుచుకుంటుంది, ఎంత వెడల్పు పరుచుకుందో దాన్నిబట్టి సందు తెలుస్తుంది. ఈ కొలతకు పాత బోల్టులే వాడాలి. రాడ్ బోల్టులు ఒక్కసారి సాగేలా చేసినవి, కొత్తవాటిని కొలత కోసం బిగించి విప్పితే అవి పాతవైపోయినట్టే. టార్క్ రెంచ్‌తో చెప్పినంత బిగించి, ఆ పైన డిగ్రీల లెక్కన తిప్పాలి. ఒక్కోటి అయ్యాక దాని మీద రంగు చుక్క పెట్టాను, ఎందుకంటే మధ్యలో ఫోన్ వస్తే ఏది బిగించామో మర్చిపోయే ప్రమాదం ఎవరికైనా ఉంటుంది. ఇలాంటి పనప్పుడు నేను ఫోన్ వేరే గదిలో పెట్టేస్తాను, అయినా చుక్క మాత్రం మానను.

ఐదున్నర లీటర్ల 10డబ్ల్యూ-60 పోసి, పెట్రోలు, స్పార్క్ రెండూ ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా ఊరికే సెల్ఫ్ కొట్టి, తర్వాత స్టార్ట్ చేశాను. ఈ కారులో ఆయిల్ టెంపరేచర్ ముల్లు ఉంటుంది గానీ ప్రెషర్ ముల్లు ఉండదు, అందుకని బయటి నుంచి గేజ్ తగిలించి వేడెక్కేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆర్‌పీఎం మీటర్ చుట్టూ చిన్న నారింజ లైట్లు ఉంటాయి, చల్లగా ఉన్నప్పుడు 4,000 పైనుంచి వెలిగి, ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కోటీ ఆరుతూ హద్దును పైకి జరుపుతాయి. ఇంజినీర్లు డ్రైవరుకు చెప్పదలచుకున్న మాట అంత స్పష్టంగా కళ్ళముందు పెట్టిన కారు నేను ఇంకోటి చూడలేదు. ఆ లైట్లు ఒక్కొక్కటే ఆరుతుంటే, ఏ చప్పుడూ లేకుండా ఇంజిన్ తిరుగుతుంటే, నాలుగు వారాల అలసట పోయింది.

అయితే ముసళ్ళ పండగ వెనక సీటు కింద ఉంది. మొదటిసారి రోడ్డెక్కించినప్పుడు రెండో గేర్‌లో యాక్సిలరేటర్ వదలగానే వెనకనుంచి "డబ్" మని ఒక్క దెబ్బ. మళ్ళీ తొక్కితే మళ్ళీ. బుష్ పోయిందనుకోవడం తేలిక, నేనూ ముందు అదే అనుకున్నాను. లిఫ్ట్ మీద పెట్టి, వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట గడ్డపార పెట్టి ఎత్తితే బాడీ రేకే కదిలింది. అక్కడి నల్ల పూత గీకితే ఎడమ వైపు నాలుగు సెంటీమీటర్ల పగులు. ఈ46 కార్లలో వెనక సబ్‌ఫ్రేమ్ నాలుగు చోట్ల బాడీ నేలకు బిగుస్తుంది, అక్కడి రేకు పలచన. తొక్కినప్పుడూ వదిలినప్పుడూ అటూ ఇటూ గుంజి గుంజి వెల్డింగ్ చుక్కలు ఊడి రేకు చీలుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. కొనేటప్పుడు కింద దూరి చూశాను కూడా. పూత కొత్తగా నిగనిగలాడుతుంటే శుభ్రంగా ఉంచుకున్నారనుకున్నాను గానీ, ఇంత పాత కారు కింద కొత్త పూత ఎందుకుందని అడగలేదు. ఇది పూర్తిగా నా తప్పు, నా 90 లెక్కలో దీనికి చోటే పెట్టలేదు.

బాడీ వెల్డింగ్‌లో నలభై ఏళ్ళ చెయ్యి ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. వేలితో పగులు తడిమి, "దీని మీద ఊరికే వెల్డ్ పెడితే పక్కనే ఇంకోచోట చీలుతుంది బాబూ. నాలుగు వైపులా ప్లేట్లు పడాల్సిందే" అన్నాడు. సైలెన్సర్, ప్రొపెల్లర్ షాఫ్ట్, హాఫ్ షాఫ్ట్‌లు, వెనక యాక్సిల్ మొత్తం దించాం. పెట్రోల్ ట్యాంకు తీసేశాం, డిక్కీలో ఉన్న బ్యాటరీ విప్పేశాం. పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేసి అది ఇంకా పాకకుండా ఆపి, అతికి, ఆపైన నాలుగు ప్లేట్లు వెల్డ్ చేసి, సీలర్, పెయింట్, లోపల మైనం. పూత మాత్రం ఆ ప్లేట్ల మీద మందంగా వెయ్యనివ్వలేదు. కొనేవాడికి పని కనిపించాలి.

అమ్మకానికి పెట్టినప్పుడు ఈ కథంతా ఫోటోలతో సహా ముందే రాసేశాను, 5వ నంబర్ షెల్ ఫోటోతో. చాలామంది ఆ ఫోటో చూసి వెనక్కి తగ్గారు. ఒకాయన మాత్రం వెంటనే 198 ఇస్తానన్నాడు, ఒక షరతు మీద: "ఇంజిన్ పూర్తిగా ఓవర్‌హాల్ చేశాం" అని రాసివ్వాలి. ఆయన మళ్ళీ అమ్ముకోవడానికి అది పనికొస్తుంది. నేను ఓవర్‌హాల్ చెయ్యలేదు. పిస్టన్లు, రింగులు ముట్టుకోలేదు, హెడ్ దించలేదు. చేసింది వానోస్, రాడ్ బేరింగులు, వాల్వ్ సెట్టింగ్. చెయ్యని పని రాసివ్వనండీ అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు, తర్వాత మూడు వారాలు ఫోన్లే లేవు. ఆ మూడు వారాలు నిద్ర సరిగ్గా పట్టలేదన్నది నిజం.

చివరికి కొన్నతను తన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మెకానిక్ ఇంజిన్ సౌండ్ అర నిమిషం విని, నేరుగా కారు కింద దూరి ప్లేట్ల దగ్గర ఇరవై నిమిషాలున్నాడు. బయటికొచ్చి నన్నేం అడగలేదు, "ఇది తీసుకోవచ్చన్నా" అని అతనితో అన్నాడు. 190కి ఖాయమైంది.

లెక్క ఇదీ. కొన్నది 100. వానోస్ సామాను, హబ్ పని 14. బేరింగులు, బోల్టులు, గ్యాస్కెట్లు, ఆయిల్ 12. వెనక వెల్డింగ్, బుష్‌లతో కలిపి 24. టైర్లు, బ్రేకులు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, వాటర్ పంపు 15. రవాణా, కాగితాలు, అద్దె 5. మొత్తం 170. మిగిలింది 20, అందులోనే నేను సొంతంగా చేసిన 140 గంటల పనికి కూలీ, ఐదున్నర నెలలు ఇరుక్కున్న పెట్టుబడి. అదే క్రాంక్ పోయి ఇంజిన్ మార్చాల్సి వచ్చుంటే ఖర్చు 214కు చేరేది, అంటే 24 చేతి నుంచి పడేది. ఈ కేసు తర్వాత ఈ46 ఏది చూసినా వెనక నేలకు 24 ముందే తీసి పక్కన పెడుతున్నాను, పగులు కనిపించినా కనిపించకపోయినా. దానివల్ల రెండు కార్లు చేజారాయి, పోనివ్వండి.

పన్నెండు పాత షెల్స్, విరిగిన నాలుక, కొలతలు రాసిన కాగితం ఒక డబ్బాలో పెట్టి కారుతోపాటే ఇచ్చేశాను. మొదటి 1,500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, ఫిల్టర్ కత్తిరించి చూసి నాకు ఫోటో పంపమని అడిగాను. పంపాడు. కాగితం మడతలన్నీ విప్పి, ఎండలో పెట్టి, పక్కన అయస్కాంతం కూడా ఉంచి తీశాడు. పెద్దది చేసి మూల మూలా చూశాను. నల్లటి ఆయిల్ మరకలు తప్ప మెరిసేదేమీ లేదు.